“ఇంట్లోనే ఉన్నావుగా” అనే మాటకి దొరక్కుండా ఆన్‌లైన్ డిగ్రీ చదవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అంబాజీపేట దగ్గర ఊరు, ఆన్‌లైన్ బీకామ్ మొదటి సంవత్సరం. పగలంతా నాన్నగారి కొబ్బరి కొట్లో పని, సాయంత్రం లారీ లోడింగ్ అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. రాత్రి పదింటికి మంచం మీద ఫోన్లో వీడియో పెట్టుకుంటే పావుగంటకే నిద్ర ముంచుకొస్తోంది. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఏ అలవాట్లు చేసుకుంటే గట్టెక్కుతాను, అసలు ఇలా చదవడం కుదిరే పనేనా అని అడిగారు.

కుదురుతుందండి. ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రాత్రి చదువు మానేయండి. పదింటికల్లా పడుకుని, తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర దాకా, రోజూ అదే టైముకి, అదే చోట కూర్చోండి. ఆ గంటన్నరా మీరు ఇంట్లో లేనట్టే లెక్క అని ఇంట్లో అందరికీ చెప్పి ఒప్పించండి. ఇది కుదిరితే మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి. ఇది కుదరకపోతే ఎంత అందంగా టైంటేబుల్ రాసి గోడకి అంటించినా వారం దాటి నిలవదు.

నేను పాలకొల్లు వైపు ఒక డిగ్రీ కాలేజీలో పదహారేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. 2021లో నేనూ ఆన్‌లైన్ ఎంబీఏలో చేరి 2023లో పూర్తి చేశాను. చేరేటప్పటికి మా చిన్నవాడికి నాలుగేళ్లు. అప్పటి నుంచి ఆదివారాలు మా మేడ మీద గదిలో చుట్టుపక్కల ఊళ్ల ఆన్‌లైన్ డిగ్రీ పిల్లలతో కూర్చుంటున్నాను. ముప్ఫై మంది దాకా వచ్చి ఉంటారు. వాళ్లలో మధ్యలో ఆపేసినవాళ్లు ఎనిమిది మంది. చదువు బుర్రకెక్కక ఆపేసినవాళ్లు ఆ ఎనిమిది మందిలో ఒక్కరు కూడా లేరు. అందరినీ ఆపించింది ఒకటే మాట, “ఇంట్లోనే ఉన్నావుగా.”

ఆలోచించి చూడండి. మామూలు కాలేజీకి వెళ్లే పిల్లాడికి పొద్దున్నే బస్సుంది, బాక్సుంది. వాళ్లమ్మ ఎనిమిదింటికల్లా కూర దించుతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా “వాడికి కాలేజీ ఉంది, తమ్ముణ్ణి పంపు” అంటారు. ఆన్‌లైన్ చదివేవాడికి ఇవేవీ లేవు. గ్యాస్ బండ వస్తే వాడే, నానమ్మని కంటి డాక్టరుకి చూపించాలంటే వాడే, చుట్టాలొస్తే కూల్‌డ్రింకుకి పరిగెత్తేదీ వాడే. పైగా మన వైపు చుట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడితే లేచి పలకరించకపోవడం చాలా పెద్ద తప్పు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు, ఆ మర్యాద నాకూ ఇష్టమే. కానీ రోజుకి పది చిన్నచిన్న పనులు చొప్పున ఒక సెమిస్టర్ మొత్తం కారిపోతుంది, పోయిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు.

నరసాపురం దగ్గర పల్లెటూరి నుంచి ఒకమ్మాయి వచ్చేది, ఆన్‌లైన్ బీబీఏ. మొదటి ఆర్నెల్లూ ఏడుపే. పుస్తకం తీస్తే చాలు ఎవరో ఒకరు పిలిచేవారట. నేను ఆ అమ్మాయికి ఏం చెప్పలేదు, వాళ్లమ్మగారిని రమ్మన్నాను. ఆవిడ ముందు మార్కుల కాగితం పెట్టి, ఫీజు రసీదు పక్కన పెట్టి, “ఇదీ కాలేజీయేనండి, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా మీ అమ్మాయి కాలేజీలో ఉన్నట్టు అనుకోండి” అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి చెప్పింది, పక్కింటావిడ వచ్చి అడిగితే వాళ్లమ్మ వీధి గుమ్మం దగ్గరే ఆపి “కాలేజీకెళ్లిందండి, తొమ్మిదింటికొచ్చేత్తది” అందట. అమ్మాయి లోపలి గదిలోనే ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ సెమిస్టర్ అన్నీ పాసైంది.

కాబట్టి ముందు మీ నాన్నగారితో మాట్లాడండి. “నేను చదువుకోవాలి” అని ఊరికే అంటే ఎవరైనా “చదువుకో, ఎవరొద్దన్నారు” అంటారు, అక్కడితో అయిపోతుంది. టైము చెప్పి అడగండి. ఐదు నుంచి ఆరున్నర, వారానికి ఆరు రోజులు. పరీక్షల ముందు మూడు వారాలు మాత్రం సాయంత్రం లోడింగ్‌కి ఇంకో మనిషిని చూడమని ఇప్పుడే అడగండి, అప్పటికప్పుడు అడిగితే కుదరదు.

చోటు గురించి. మంచం మీద చదవొద్దు. మంచం ఎక్కితే నిద్ర రావడం ఒంటికి అలవాటు, అది మీ బద్ధకం కాదు. నేను చదివినన్నాళ్లూ మా అత్తగారి కుట్టు మిషను బల్లే నా టేబులు. మిషను తల లోపలికి దించేసి మూత వేస్తే ల్యాప్‌టాప్ సరిగ్గా పట్టేది. మొదటి నెల మెడ పట్టేసింది, స్క్రీను బాగా కిందికి ఉండేది. వంటింట్లోంచి రెండు పీటలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి ల్యాప్‌టాప్ ఎత్తు చేశాను, విడిగా ఒక కీబోర్డు కొనుక్కున్నాను, నొప్పి తగ్గింది. ఆ మిషను ముందు కూర్చుంటే చాలు, పొద్దున్న కాఫీ తాగకపోయినా బుర్ర చదువు మీదకి వచ్చేసేది. మీకు కొబ్బరి రాశి పక్కన కొట్లోనే గల్లాపెట్టె బల్ల ఉంటుంది కదా, తెల్లారగట్ల అక్కడ ఎవరూ ఉండరు. ఇంట్లో చోటు లేకపోతే అది కూడా మంచిదే. ఫోన్‌ని చేత్తో పట్టుకుని మాత్రం చూడకండి, దేనికైనా ఆనించి పెట్టండి. చేతిలో ఉంటే వేలు పక్క యాప్‌లోకి వెళ్లిపోతుంది, అది ఎవరి వల్లా ఆగదు. నోటిఫికేషన్లు ఆపేసి కూర్చోండి.

ఇక నిద్ర. పెద్దవాళ్లకి రోజుకి కనీసం ఏడు గంటలు కావాలని డాక్టర్లు చెబుతారు. పన్నెండు దాటాక పడుకుని ఆరింటికి లేచేవాడికి ఆ ఏడు లేవు. నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, నిద్ర తగ్గించి చదివిన గంట రెండు విధాలా నష్టం. పగలంతా కొట్లో నిలబడిన ఒంటికి రాత్రి పదింటికి కావాల్సింది నిద్రే, అది ఇవ్వండి. సాయంత్రం ఆరు తర్వాత టీ ఆపేయండి. కెఫిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అంటే లోడింగ్ దగ్గర ఏడింటికి తాగిన టీలో సగం అర్ధరాత్రికి కూడా లోపలే ఉంటుంది. ఎనిమిదిన్నరకి అన్నం తినేసి, తొమ్మిదిన్నరకి ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టేయండి. అలారం కోసమే ఫోన్ పక్కన పెట్టుకుంటున్నానంటారా, నూటయాభై రూపాయలు పెడితే టేబుల్ గడియారం వస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వీడియో చూడటం కూడా దండగే, మన భోజనాల సంగతి మీకు చెప్పాలా.

అందరికీ తెల్లవారుజామే పనికొస్తుందని నేను అనను. భీమవరం వైపు నుంచి ఒకబ్బాయి వచ్చేవాడు, వాళ్లది రొయ్యల చెరువు. తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు తిరుగుతుండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి, ఆ కాపలా ఇతనిదే. అతన్ని ఐదింటికి లేవమంటే ఏం న్యాయం? పొద్దున్న ఆరింటికి పడుకుని పన్నెండున్నరకి లేచేవాడు, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర చదువు. మూడేళ్లూ అదే టైము, అన్నం కూడా చదువు అయ్యాకే తినేవాడు. పాసయ్యాడు, ఇప్పుడు మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాడు. టైము ఏదైనా ఫర్వాలేదు, రోజుకో టైము అయితేనే ఇబ్బంది.

ఇప్పుడు అసలు చదువు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ ఇక్కడే దెబ్బతిన్నారు. వీడియో చూడటం చదవడం కాదు. ఒకబ్బాయి ఫోన్ తెచ్చి చూపించాడు, అకౌంట్స్ వీడియోలు 94 శాతం పూర్తి అని పచ్చగా గీత. సరే అని కాగితం ఇచ్చి చిన్న లెక్క వేశాను. రెండు లక్షల మిషను, ఏటా 10 శాతం తరుగుదల, తగ్గుతున్న నిల్వల పద్ధతి, మూడో ఏడాది చివర పుస్తకాల్లో విలువెంత? అతను ఏటా ఇరవై వేలు తీసేసి 1,40,000 అని రాశాడు. ఈ పద్ధతిలో ఏటా మిగిలిన విలువ మీదే తరుగుదల కట్టాలి కాబట్టి సరైనది 1,45,800. రెండో ఏడాది 1,80,000 మీద 10 శాతం కట్టాలి, మూడో ఏడాది 1,62,000 మీద. ఇది తెలియని పిల్లాడేం కాదు, నోటితో అడిగితే పద్ధతి చక్కగా చెప్పాడు. కలం పట్టుకుని ఒక్కసారి కూడా చేయలేదు, అంతే. వీడియోలో మాస్టారు చేస్తుంటే మనకీ వచ్చేసినట్టే ఉంటుంది. ఈత గట్టు మీద కూర్చుని చూస్తే వస్తుందా, కాలవలో దిగాలి.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని మళ్లీమళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠం పక్కన పెట్టేసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు వాళ్లని దాటేశారు. మన పరీక్ష ఐదు నిమిషాలకి రాదు, నెలల తర్వాత వస్తుంది.

అందుకని ఆ గంటన్నర ఇలా వాడండి. కూర్చోగానే పుస్తకం తెరవకుండా నిన్న చదివినది తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయండి, ఎంత గుర్తుంటే అంత, తప్పులున్నా సరే. తర్వాత వీడియో, కానీ ఒక్క గుక్కలో కాదు. ఏడెనిమిది నిమిషాలకోసారి ఆపి సొంత మాటల్లో రెండు లైన్లు రాసుకోండి, తెలుగులో రాసుకున్నా తప్పులేదు. అకౌంట్స్ అయితే మాస్టారు లెక్క చదవగానే వీడియో ఆపేసి ముందు మీరు చేయండి, తర్వాత ఆయన చేసింది చూడండి. చివర్లో అర్థం కానివి ఒక చిన్న నోటుబుక్కులో రాయండి, పేజీకి ఒకటే సందేహం, కింద ఖాళీ ఉంచి. ఆ సందేహాన్ని ఆ రోజే ఎవరినో ఒకరిని అడగండి. మీ కోర్సు పేజీలో చర్చా వేదిక ఉంటుంది, ఆన్‌లైన్ కోర్సు అంటేనే వీడియో, చదివే మెటీరియల్, చర్చ, పరీక్ష నాలుగూ ఉండాలని యూజీసీ, అంటే దేశంలో యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, నిబంధన. మన పిల్లలు ఆ చర్చలోకి వెళ్లడానికి జంకుతారు, ఇంగ్లీషు తప్పుపోతుందేమోనని. తప్పుపోతే పోనివ్వండి. అక్కడ అడిగిన ప్రశ్నకి కూడా లెక్క ఉంది, చెబుతాను.

మార్కులు ఎక్కడ పోతున్నాయో చూసుకోండి. 2020 యూజీసీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ డిగ్రీలో సెమిస్టర్ మధ్యలో జరిగే అసైన్‌మెంట్లు, క్విజ్‌లకి గరిష్ఠంగా 30 శాతం, చివరి పరీక్షకి కనీసం 70 శాతం. కోర్సు కార్యక్రమాల్లో 75 శాతం పాల్గొంటేనే చివరి పరీక్షకి అర్హత. చర్చ కూడా అందులో భాగమే. చాలామంది ఈ 30ని పట్టించుకోరు, అసైన్‌మెంట్ చివరి రోజుకి వదిలేస్తారు. నేనూ అదే చేశాను. మొదటి సెమిస్టర్లో ఒక అసైన్‌మెంట్ చివరి తేదీ రాత్రి 11.40కి అప్‌లోడ్ చేయబోతే ఫైబర్ కనెక్షన్ పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేలోపు పన్నెండు దాటింది. పని మొత్తం చేసి కూడా సున్నా. అప్పటి నుంచి చివరి తేదీకి మూడు రోజుల ముందే నా చివరి తేదీ.

ఆ తేదీలు ఫోన్లో పెట్టుకోవద్దు, అంటే ఫోన్లో మాత్రమే పెట్టుకోవద్దు. మీ వంటింట్లో పాల లెక్క రాసే తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద ఎర్ర ఇంకుతో రాయండి. ఆ క్యాలెండర్ ఇంట్లో అందరూ రోజూ చూస్తారు. బంధువుల పెళ్లి, అంతర్వేది తీర్థం, కొబ్బరి దింపు, మీ పరీక్ష, అన్నీ ఒక్కచోట కనపడితే ఏది దేని మీద పడుతోందో నెల ముందే తెలుస్తుంది. సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా ఎవరూ చదవరు, చదువుతానని అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లకుండా మీ ఊళ్లో ఎవరైనా ఉంటారా? ఆ నాలుగు రోజుల చదువు డిసెంబరు నెలాఖరులోనే చదివేసి పండగ చేసుకోండి. వ్యవసాయం ఉన్న ఇళ్లలో అయితే సార్వా ఊడ్పులు, దాళ్వా కోతలు కూడా ఇలాగే ముందు లెక్క వేసుకోవాలి.

కరెంటు, నెట్ గురించి రెండు మాటలు. వానాకాలంలో మన దగ్గర ఏది ఎప్పుడు పోతుందో తెలీదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు, పి.గన్నవరం వైపు లంక గ్రామం నుంచి నా దగ్గరికి వచ్చే అబ్బాయికి వారం దాకా నెట్ లేదు. పడవ మీద గట్టుకి వచ్చి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాడు. అయినా అతని చదువు ఆగలేదు, వచ్చే రెండు వారాల వీడియోలూ మెటీరియలూ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకునే అలవాటు ఉంది. మీరు కూడా ఆదివారం రాత్రి పడుకునే ముందు ఆ రోజు మిగిలిన డేటాతో వారానికి సరిపడా దింపేసుకోండి, తక్కువ క్వాలిటీలో సరిపోతుంది, బోర్డు మీద అక్షరం కనపడితే చాలు.

మీ యూనివర్సిటీ పరీక్ష సెంటర్లో కాకుండా ఇంటి దగ్గర కెమెరా ముందు రాయిస్తే ఇంకో జాగ్రత్త. ఒకమ్మాయి పరీక్ష రాస్తుంటే వాళ్ల నానమ్మ పాపం ప్రేమగా వెనక నుంచి వచ్చి “కాఫీ తెమ్మంటావేటే” అని అడిగింది. రెండో మనిషి గొంతు వినపడిందని హెచ్చరిక వచ్చింది, ఆ అమ్మాయి చేతులు వణికిపోయి మిగతా అరగంట సరిగా రాయలేకపోయింది. పరీక్షకి రెండు రోజుల ముందు అదే గదిలో, అదే టైముకి, తలుపు గడియ పెట్టుకుని ఉత్తుత్తి పరీక్ష ఒకటి రాయండి. ఇంట్లోవాళ్లకి కూడా అది రిహార్సల్.

కళ్లకి ఒక తేలిక పద్ధతుంది, ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడటం. కిటికీ అవతల కొబ్బరి చెట్టు చాలు. స్క్రీను చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కళ్లు మండేది అందుకే. వ్యాయామం సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీ పనిలోనే ఉంది. రోజంతా కూర్చునే వాళ్లయితే వారానికి రెండున్నర గంటలన్నా కాలవ గట్టు మీద గట్టిగా నడవాలి.

ఒంటరితనం గురించి మీరు అడగలేదు గానీ మీ ప్రశ్నలో “నాతో చదివేవాళ్లు ఎవరూ తెలీదు” అని ఒక ముక్క రాశారు. అది చిన్న విషయం కాదు. మీ కోర్సులోనే ఉన్న ఇద్దరిని పట్టుకోండి, ఏ జిల్లా అయినా సరే. వారానికి ఒకసారి, అరగంట ఫోన్ కాల్, ఒకరికొకరు ఒక చాప్టర్ చెప్పుకోవడం. పెద్ద వాట్సాప్ గ్రూపుల వల్ల లాభం లేదు, వాటిలో గుడ్ మార్నింగులే ఎక్కువ. కొట్టు దగ్గర ఎవరైనా “ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదంటగా” అంటే కుంగిపోకండి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. మీ యూనివర్సిటీ పేరు, మీ కోర్సు పేరు రెండూ యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని, ఆ పేజీ ప్రింటు తీసి నాన్నగారికి చూపించండి. దిగులు మరీ ఎక్కువై నిద్ర, తిండి పోతున్నట్టుంటే టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి సిగ్గుపడకండి, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇద్దరు చేశారు, ఇద్దరూ మళ్లీ చదువులో పడ్డారు.

చివరగా మీ రెండు సబ్జెక్టులు. అవి పోయాయని కొత్త సెమిస్టర్ పక్కన పెట్టి వాటి మీదే పడొద్దు, అలా చేసినవాళ్లకి మళ్లీ రెండు కొత్తవి మిగిలిపోవడం చూశాను. సోమవారం నుంచి గురువారం దాకా కొత్త పాఠాలు, శుక్ర శనివారాలు పాతవి, ఆదివారం పొద్దున్న సెలవు. బ్యాక్‌లాగ్ పరీక్ష ఫీజు చివరి తేదీ ఇవాళే వెబ్‌సైటులో చూసి క్యాలెండర్ మీద రాయండి, ఆ తేదీ దాటిపోతే ఇంకో సెమిస్టర్ ఆగాలి. పోయిన సబ్జెక్టులు ఏవో, లోపల మార్కులు (అసైన్‌మెంట్లు, క్విజ్‌లవి) ఎన్ని, బయట మార్కులు (చివరి పరీక్షవి) ఎన్ని కింద రాయండి. ఒకటి అకౌంట్స్ అయితే ఏ చాప్టర్ ముందు పట్టుకోవాలో చెబుతాను.